ఆరు నెలల కెప్టెన్ లింబాద్రి మేస్త్రీ

మార్చి నెలలో ఒక శుక్రవారం ఉదయం దోహా దగ్గరి అల్ ఖోర్‌లోని మా కార్మికుల క్యాంపు వంటగదిలో లింబాద్రి మేస్త్రీగారు ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆ రోజు వంట వంతు ఆయనది. "తమ్మీ, జెర కూసుంట" అని నాతో అని బల్ల మీద కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు. అంబులెన్సు వెంటనే వచ్చింది. ఆసుపత్రిలో డాక్టర్లు చేయవలసిందంతా చేశారు. నమాజుకు వెళ్ళిన మావాళ్ళు తిరిగి వచ్చేసరికి ఆయన ఇక లేరన్న వార్త క్యాంపుకు చేరింది. పక్కనే నిలబడి చూసిన నాకే ఆ మాట నమ్మశక్యం కాలేదు. సాయంత్రం దాకా ఆ సగం తరిగిన ఉల్లిపాయలను ఎవరూ ముట్టుకోలేదు. ఎవరికీ ఆకలి గుర్తు రాలేదు.

ఈ పత్రిక చదివే దోహా తెలుగువారిలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చు. ఆయన చేతి పని మాత్రం తెలిసే ఉంటుంది. మెట్‌పల్లి దగ్గర ఒక పల్లెలో పుట్టి, పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశంలో పాలరాయి పరిచిన మేస్త్రీ ఆయన. దోహాలో మీరు ఏ పెద్ద భవనంలోనైనా నేల మీద మీ ముఖం చూసుకుని ఉంటే, అక్కడ ఎక్కడో ఒక మూల మోకాళ్ళ మీద వంగిన ఆయన శ్రమ ఉండే ఉంటుంది. అయితే నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నది రాళ్ళ గురించి కాదు. తాను కంటితో చూడని ఒక చిన్న యూరప్ దేశపు రాజ్యాంగంతో నలభైమంది మగవాళ్ళ వంటగదిని నడిపిన మహానుభావుడు ఆయన. ఎవరైనా ఇది వింటే ముందు నవ్వుతారు. మొదట నేనూ నవ్వాను.

నేను కోనసీమవాణ్ణి, పేరు వీర్రాజు, అదే కంపెనీలో టైమ్ కీపర్‌ని. ఎవడు ఏ నిమిషానికి బస్సు ఎక్కాడో రాసే ఉద్యోగం కాబట్టి మనుషుల మీద అనుమానం నాకు వృత్తిధర్మం. మేస్త్రీగారితో నా పరిచయం శత్రుత్వంతోనే మొదలైంది. అప్పట్లో క్యాంపు మెస్‌కు ఆయన ఏకైక నాయకుడు. ఎప్పటి నుంచి అంటే ఎవరికీ సరిగ్గా గుర్తులేనంత కాలంగా. ఆయన మంచివాడే. కాని మంచివాడు ఎక్కువ కాలం పెత్తనం చేస్తే, తనకు నచ్చిందే అందరికీ నచ్చుతుందనుకోవడం మొదలవుతుంది. వారానికి నాలుగు రోజులు పచ్చిపులుసు. అడిగితే, "ఎండల పని జేసెటోనికి గిదే మంచిది తమ్మీ" అని సమాధానం. గోదావరి నీళ్ళు తాగిన పదకొండుమందికి అది రుచించలేదు. ఒకరోజు నేనే సుద్దముక్క తెచ్చి వంటగది నేల మీద అడ్డంగా గీత గీశాను. అటు నాలుగు పొయ్యిలు వాళ్ళవి, ఇటు రెండు పొయ్యిలు మావి. నేను ఇంత పని చేశానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

గీత ఊరుకోదు కదా. నూనె డబ్బా గీత దాటిందని ఒకరోజు, గరిటె దాటిందని ఒకరోజు తగాదా. చివరికి చేతులు దాటాయి. కంపెనీ నుంచి కబురు వచ్చింది: ఇంకొక్క గొడవ జరిగితే వంటగదికి తాళం, అందరికీ క్యాటరింగ్ భోజనం. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఈ మాట అర్థం చెప్పనక్కర్లేదు. రేకు డబ్బాలో వచ్చే ఆ చల్లారిన అన్నం, పేరు లేని ఆ కూర తిని బతకడం ఒక శిక్ష. రోజంతా ఎండలో కాలి వచ్చినవాడికి తన ఊరి కూర వాసన తగిలే చోటు అదొక్కటే. అది పోతే మిగిలేది మంచం మాత్రమే.

ఆ రోజుల్లోనే దోహాలో ఒక పెద్ద భవనానికి పాలరాయి తనిఖీ చేయడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. అందరూ ఇటలీవాడు అనుకున్నారు. అతను మాత్రం ప్రతిసారీ తల అడ్డంగా ఊపి, ‘శాన్ మారినో’ అనేవాడట. ఇటలీ మధ్యలో, ఒక కొండను పట్టుకుని ఉన్న బుల్లి దేశం. టీ విరామంలో మేస్త్రీగారికీ అతనికీ స్నేహం కుదిరింది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు ఒక గ్లాసులో పట్టేంత. మిగతాది అరబ్బీ ముక్కలు, హిందీ ముక్కలు, చేతి సైగలు. అయినా పద్దెనిమిది నెలలు మాట్లాడుకున్నారు.

ఆ దేశాన్ని స్థాపించినవాడు ఒక రాతిపనివాడని అక్కడి ఐతిహ్యం. సముద్రం అవతలి నుంచి రాళ్ళు కొట్టే పని వెతుక్కుంటూ వలస వచ్చి, తర్వాత ఆ కొండ ఎక్కి అక్కడే ఉండిపోయాడట. ఈ కథ విన్న రోజు మేస్త్రీగారు బస్సు దిగి నేరుగా నా గదికి వచ్చారు. సుద్దగీత తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి సందర్భం అది. "వీర్రాజూ, ఒక దేశం ఉన్నదంట. మనలెక్కనే వలస వచ్చిన మేస్త్రీ పెట్టిండంట. రాజు గాదు, జమీందారు గాదు. మేస్త్రీ!" అన్నారు. ఆ ముఖంలో వెలుగు చూసి కోపంగా ఉండాలన్న సంగతి నేను మరిచిపోయాను.

తర్వాత అసలు విషయం చెప్పారు. ఆ దేశానికి అధిపతి ఒక్కడు కాదు, ఇద్దరు. కెప్టెన్లు అంటారట. ఇద్దరికీ సమానాధికారం. ఒకరు కాదంటే రెండోవారు ముందుకు వెళ్ళలేరు. పదవి ఆరే నెలలు, ఏప్రిల్ ఒకటిన ఒక జంట ఎక్కితే అక్టోబర్ ఒకటిన దిగాలి. దిగినవాళ్ళు మూడేళ్ళ దాకా మళ్ళీ ఎక్కకూడదు. అన్నిటికంటే ఆయనను పట్టుకున్నది చివరి నియమం. దిగిపోయిన తర్వాత మూడు రోజులపాటు ఏ పౌరుడైనా వాళ్ళ మీద ఫిర్యాదు పెట్టవచ్చు, చేసిన తప్పుకైనా సరే, చేయకుండా వదిలేసిన పనికైనా సరే. "ఇద్దరుంటే కొట్టుకోరా?" అని మేస్త్రీగారు ఇంజనీరును అడిగారట. "ఆరు నెలల్లో కొట్టుకోవడానికి తీరిక ఎక్కడిది?" అన్నాడట అతను. ఈ మాట చెప్పి మేస్త్రీగారు పావుగంట నవ్వారు.

నవ్వు ఆగాక అన్న మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. "గీత గీసింది నువ్వు. గియ్యనిచ్చింది నేను. ఇగ నేను దిగుత. మల్ల ఎక్కితే ఇద్దరం ఎక్కుదాం, ఆర్నెల్లకే." పదవిని పట్టుకుని వేలాడేవాళ్ళను ఊళ్ళో సర్పంచి నుంచి ఇక్కడి సంఘాల అధ్యక్షుల దాకా చూశాను. తనంతట తాను దిగినవాణ్ణి ఆయననే చూశాను. పది గదులకు పదిమంది ప్రతినిధులను ఎన్నుకున్నాం, శాన్ మారినోలో అరవైమంది మహాసభ ఉన్నట్టుగా. ఆ పదిమంది కలిసి ఆయననూ నన్నూ కెప్టెన్లను చేశారు. ఒక పక్షానికి ఒకరు ఉండాలన్నది ఆయన పట్టుదలే. క్యాంప్ బాస్‌కు ఇదంతా వివరిస్తే, వంటగదిలో అరుపులు ఆగితే మీరు చక్రవర్తులుగా ఉన్నా తనకు అభ్యంతరం లేదన్నాడు.

సుద్దగీతను మేమిద్దరం కలిసే కడిగాం. పచ్చిపులుసు వారానికి రెండు రోజులకు దిగింది. గోదావరివాళ్ళ చేపల పులుసు గురువారానికి ఎక్కింది. ఇద్దరమూ ఒప్పుకుంటేనే ఏ మార్పయినా. మొదటి నెలలో ఆయన ఏడుసార్లు ‘సరే’ అంటే నేను అయిదుసార్లు ‘కాదు’ అన్నాను. కొన్నిసార్లు కాదనడం చేతనవునని నిరూపించుకోవడానికే అన్నాను. ఆయనకు ఒళ్ళు మండేది, కాని నోరు తెరిచి అన్నది ఒక్కటే: "కాదంటివి గద. అయితే ఆగుదాం." ఇంత ఓపిక ఉన్న మనిషి దగ్గర మొండితనం చూపడం ఎంత కష్టమో నాకు త్వరలోనే తెలిసివచ్చింది.

అక్టోబర్‌లో దిగిపోయాం. ఒక ఖాళీ పాలపొడి డబ్బా మూతకు ఆయన గాటు పెట్టి, వంటగది కిటికీలో పెట్టారు. మూడు రోజులు ఫిర్యాదుల డబ్బా. మూడో రోజు మహాసభ ముందు తెరిచారు. పదహారు చీటీలు వచ్చాయి. ఏడో నంబరు గదిలో ఏసీ కారుతోందని ఒకటి. తన పక్క మంచంవాడు ఫోన్ గట్టిగా పెట్టి వింటున్నాడని ఒకటి. సెలవు మంజూరు చేయించమని ఒకటి. తన బావమరిది పొలం గట్టు జరిపాడని నిర్మల్ నుంచి వచ్చిన ఒకతను రెండు పేజీలు రాశాడు. ‘కెప్టెన్లిద్దరూ నూరేళ్ళు చల్లగా ఉండాలి’ అని ముగ్గురు రాశారు. ఫిర్యాదు డబ్బాలో ఆశీర్వాదాలు వేసే జాతి మనది. ఎదురుగా ఉన్న పెద్దమనిషిని తప్పు పట్టాలంటే మనకు నాలుక తిరగదు, వీపు వెనక అయితే బ్రహ్మాండంగా తిరుగుతుంది.

అందరూ నవ్వుతున్నారు. మేస్త్రీగారి ముఖం మాత్రం చిన్నబోయింది. "ఇన్ని చీట్లున్నయ్. మా మీద ఒక్కటి లేదు. ఆర్నెల్లల్ల ఒక్క తప్పు జెయ్యకుంట ఉంటానికి మేమేమన్న దేవుళ్ళమా? మమ్ముల ఎవ్వలు చూస్తలేరన్నట్టే గదా?" అన్నారు. అప్పుడు కరీంనగర్ మహబూబ్ భాయ్ లేచాడు. ఎలక్ట్రీషియన్, మాట కరుకు, మనసు వెన్న. హైదరాబాదు, కరీంనగర్ ముస్లిం సోదరుల గదుల ప్రతినిధుల్లో ఒకడు. "నాకొకటి ఉంది. మీ ఇజ్జత్ పోతదని రాయలే. రంజాన్‌ల సాయంత్రం ఆరు పొయ్యిలు మాకే ఇచ్చిండ్రు. అచ్ఛా కియే. మగర్ హమ్కు పూఛే క్యా భాయ్, అడిగిండ్రా? మాకు మూడు చాలు. మా ఇఫ్తార్ అయ్యేదాక మీరు ముప్పైమంది ఆకలితోటి గోడకు నిలబడి చూస్తుంటే మాకు ముద్ద ఎట్ల దిగుతది?"

మేస్త్రీగారూ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. మేం పుణ్యం చేశామనుకున్న పని అది. ఆరు నెలల్లో ఇద్దరమూ వాదన లేకుండా ఒప్పుకున్న పని బహుశా అదొక్కటే. ఎవరి కోసం చేశామో వాళ్ళను ఒక్క మాట అడగలేదు. మేస్త్రీగారు లేచి వెళ్ళి మహబూబ్ భాయ్‌ను కావలించుకున్నారు. "గిదీ ఫిర్యాదంటే! గిది గావాలె నాకు!" అని బహుమతి వచ్చినవాడిలా ఊగిపోయారు. మహాసభ శిక్ష వేసింది, కెప్టెన్లిద్దరూ వారం రోజులు మెస్ గిన్నెలు తోమాలని.

నలభైమందికి వండే గిన్నెలంటే మామూలు గిన్నెలు కావు. అన్నం డేగిషాలో నేను కూర్చుంటే తల మాత్రం బయటికి కనబడుతుంది. ఆయన ఇసుకలాంటి పొడితో రుద్దేవారు, నేను నీళ్ళు పోసేవాణ్ణి. ఆ వారంలోనే ఆయన నాకు ఆప్తులయ్యారు. చిన్నప్పుడు బడి మానేసి రాళ్ళ క్వారీకి వెళ్ళిన కథ, పెళ్ళిచూపుల్లో రాజవ్వమ్మగారు తన చేతులు చూసి "ఇవ్వేం చేతులు, గరుకు కాయితమా?" అని అడిగిన కథ, అన్నీ అక్కడే విన్నాను. "పాలరాయి నున్నగ గావాలంటే గరుకుది పెట్టి రుద్దాలె తమ్మీ. మనిషి గూడ గంతే. ఎవ్వలో ఒకలు రుద్దాలె" అనేవారు. నన్ను రుద్దింది ఆయనే అని నేను చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

వెంటనే మమ్మల్నే మళ్ళీ ఎన్నుకుంటామని క్యాంపంతా పట్టుబట్టింది. "మూడేండ్లు" అని వేళ్ళు చూపి ఆయన తన గదికి వెళ్ళిపోయారు. ఆ మూడేళ్ళలో ఆరు జంటలు మారాయి. కొన్ని జంటలు గొప్పగా చేశాయి, ఒక జంట ఉప్పు తెప్పించడం కూడా మరిచిపోయింది. వాళ్ళందరూ డబ్బాకు జవాబు చెప్పారు, అందరూ గిన్నెలు తోమారు. క్యాటరింగ్ మాట మళ్ళీ రాలేదు. సెలవు దొరికినప్పుడు మేస్త్రీగారు ఏషియన్ టౌన్‌లో క్రికెట్ చూడటానికి తీసుకువెళ్ళేవారు. ఆయన దృష్టి ఆట మీద కంటే కెప్టెన్ల మీదే ఉండేది. "ఒక జట్టుకు ఒక్కడే కెప్టెనా? పాపం, వానికి కాదనెటోడు ఎవ్వలు లేరు" అని జాలిపడేవారు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పుడూ నవ్వొస్తుంది.

మూడేళ్ళు నిండిన అక్టోబర్‌లో మమ్మల్నిద్దరినీ మళ్ళీ ఎన్నుకున్నారు. ఈసారి మేం చేసిన ముఖ్యమైన నియమం ఒకటి. నాలుగో గదిలో ఒకతను జ్వరాన్ని అయిదు రోజులు దాచి, సైట్‌లో పడిపోయాడు. అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపేస్తారని భయం. ఆ భయం ఇక్కడ అందరికీ ఉన్నదే. అందుకని నియమం పెట్టాం: ఎవరికి ఏ నొప్పి వచ్చినా అదే రోజు కెప్టెన్లలో ఒకరికి చెప్పాలి, తెలిసిన కెప్టెన్ అదే రోజు అతన్ని క్లినిక్‌కు తీసుకువెళ్ళాలి. మాటలు మేస్త్రీగారివి, రాత నాది. వంటగది గోడ మీద అంటించాం.

ఇక నేను చెప్పవలసినది చెబుతాను. ఆ శుక్రవారానికి రెండు రోజుల ముందు, బుధవారం సాయంత్రం, బస్సు దిగి ఆయన ఛాతీ రాసుకుంటూ మెట్ల దగ్గర ఆగారు. "ఏంటండీ మేస్త్రీగారూ, అలా ఆగిపోయారేంటి?" అన్నాను. "గ్యాస్ తమ్మీ. ఈద్ బిర్యానీ ఇంక దిగలే" అన్నారు. గురువారం మళ్ళీ అదే. ఈసారి నా చెయ్యి పట్టుకున్నారు. "పదిరోజులల్ల దిగిపోతం. వచ్చే నెల ఇంటికి టికెట్ ఉన్నది. ఇప్పుడు క్లినిక్‌కు పోతే వాడేదో రాస్తడు. ఎవ్వలికి జెప్పకు." నేను ‘సరేనండి’ అన్నాను. మొదటి నెలలో అయిదుసార్లు ‘కాదు’ అన్నవాణ్ణి, అనవలసిన చోట ‘సరే’ అన్నాను.

ఆయన పార్థివదేహం ఊరికి చేరింది. తర్వాతి శుక్రవారం మహాసభ కూడింది. పదవీకాలం ముగియడానికి మూడు రోజులు ఉంది. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. నిర్మల్ అతను లేచి, "ఇప్పుడు ఎన్నిక వద్దు. అన్న కుర్చీ ఖాళీగ ఉంచుదాం. అన్న పేరు మీద వీర్రాజన్నే నడుపుతడు, తను ఇంటికి పోయేదాక" అన్నాడు. అందరూ తలలూపారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తియ్యగా ఉంది. గురువుగారి కుర్చీ పక్కన కూర్చుని, ఆయన ఫొటోకు దండ వేసి, ఎవరికీ జవాబు చెప్పకుండా నడపడం. అన్నిటికంటే, డబ్బా తెరవక్కర్లేదు. ఆ రెండు రోజుల సంగతి నాతోనే ఉండిపోతుంది.

అప్పుడు మహబూబ్ భాయ్ లేచి వంటగదిలోకి వెళ్ళి, పాలపొడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "ఎప్పుడు పెడ్తవు దీన్ని, వీర్రాజు భాయ్?" అన్నాడు. ఒకతను చెవులు మూసుకున్నాడు. "పోయినోని మీద ఫిర్యాదా? పాపం తగుల్తది!" మహబూబ్ భాయ్ డబ్బా మీద నుంచి చెయ్యి తీయలేదు. "నాకు మాత్రం మంచిగ ఉందా మియా? మగర్ ఆయన మీద డబ్బా పెట్టకపోతే రేపు వచ్చెటోళ్ళు వాళ్ళ మీద ఎందుకు పెట్టనిస్తరు? ఫొటో పెట్టి డబ్బా తీసేస్తే, ఆయన్ని రెండోసారి పంపినట్టే. ఆయన మీద ఏం లేకపోతే ఖాళీ డబ్బా తెరుద్దాం, ఖుషీగ." అందరూ నా వైపు చూశారు. మిగిలిన కెప్టెన్‌ను నేనే. దిగిన రోజే డబ్బా కిటికీలో పెట్టాను.

కొత్త కెప్టెన్లు ఏప్రిల్ ఒకటిన పదవి తీసుకున్నారు, ఒకరు జగిత్యాల, ఒకరు నరసాపురం. మూడు రోజులూ ఆ డబ్బా నన్ను చూస్తూనే ఉంది. అన్నం తింటున్నా, టీ తాగుతున్నా అదే. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ రాయరు. రాయగలిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే. మూడో రోజు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం కూడా చేయకుండా, నిలబడే రాశాను.

సాయంత్రం డబ్బా తెరిచారు. ఒకటే చీటీ. టైమ్ కీపర్ చేతిరాత గుర్తుపట్టనివాడు మా కంపెనీలో లేడు. మహబూబ్ భాయ్ చదివాడు: "కెప్టెన్ లింబాద్రి రెండు రోజులు ఛాతీ నొప్పి దాచారు. కెప్టెన్ వీర్రాజుకు తెలుసు. క్లినిక్‌కు తీసుకువెళ్ళలేదు, ఎవరికీ చెప్పలేదు. నియమం ఇద్దరూ కలిసి పెట్టినదే." చదివి కాగితం మడిచాడు. "నీకు ఎరుకుండెనా?" అన్నాడు. తల ఊపాను.

ఏడుస్తూ ఒకతను, "ఆ దినమే తోల్కపోతే బతికెటోడు" అన్నాడు. మరొకతను, "అయినా బతికెటోడు గాదేమో" అన్నాడు. మహబూబ్ భాయ్ ఇద్దరినీ ఆపాడు. "బతుకుడు, సచ్చుడు మన చేతుల లేదు. చెప్పుడు ఈయన చేతుల ఉండె. చెప్పలే. ఆయన గూడ చెప్పలే. ఫిర్యాదు ఇద్దరి మీద. ఇద్దరికీ వారం." గది బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, "రాసినవు గద. ఆయన ఉంటే నిన్ను గట్టిగ పట్టుకునెటోడు" అన్నాడు. ఆ మాటతో నా గుండె బరువు సగం దిగింది. మిగతా సగం ఉంటుంది, ఉండాలి కూడా.

నా వారం నేను తోమాను. ఒక్కణ్ణే రుద్దుకుని, ఒక్కణ్ణే నీళ్ళు పోసుకున్నాను. మధ్యలో ఒకరోజు రాజవ్వమ్మగారు ఫోన్ చేశారు. "సారూ, ఇంటికొచ్చినోళ్ళందరు కెప్టెన్ కెప్టెన్ అంటున్నరు. దుబాయ్‌ల మా ఆయన ఏం పెద్ద నౌకరి జేసెటోడు?" అని అడిగారు. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. నేను కొండ మీది దేశం సంగతి, ఇద్దరు కెప్టెన్ల సంగతి చెప్పాను. ఆ నొప్పి సంగతి కూడా దాచకుండా చెప్పాను. "ఆయన మొండి. నువ్వు చెప్తే మాత్రం వినెటోడా?" అన్నారు. చివరికి గిన్నెల శిక్ష గురించి చెప్పేసరికి, "గిన్నెలు తోమిండా? మా ఆయననా? ఇంట్ల ఒక్కనాడు గ్లాసు ముట్టలె సారూ!" అని ఏడుస్తూనే పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన పోయాక మొదటిసారి నవ్వాను.

లింబాద్రి మేస్త్రీగారి కుర్చీ పది రోజుల్లో నిండిపోయింది. ఆయన కోరుకున్నదీ అదే. ఆయన చోటు మాత్రం నా జీవితకాలంలో నిండదు. కోపం దిగమింగి ‘ఆగుదాం’ అనే ఆ గొంతు, తప్పు చూపించినవాణ్ణి కావలించుకునే ఆ గరుకు చేతులు ఇక ఎక్కడ వెతకను? ఏ సమాధి రాయీ లేని ఆ రాతిపనివాడికి, మాకు కాదనడమూ జవాబు చెప్పడమూ నేర్పిన ఆ పెద్దకు, చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నా వారం ముగిసిన మర్నాడు ఆయన వారం మొదలైంది. అది కూడా నేనే చేస్తానని పొద్దున్నే వంటగదికి వెళ్ళాను. తొట్టి దగ్గర నాకు చోటు లేదు. మహబూబ్ భాయ్ లుంగీ ఎగగట్టి అన్నం డేగిషా రుద్దుతున్నాడు, నిర్మల్ అతను నీళ్ళు పోస్తున్నాడు. వాళ్ళ వెనక, చేతులు మడుచుకుని, వంతు కోసం క్యాంపంతా వరుసలో నిలబడి ఉంది. "నీది అయిపోయింది గద, జరుగు. ఇది లింబాద్రి భాయ్ వారం" అన్నాడు మహబూబ్ భాయ్. నేను వెళ్ళి వరుస చివర నిలబడ్డాను.